పాత కారు అమ్మకము: తాళముతోపాటు ఇవ్వవలసిన లెక్క

(గ్రామ పంచాయతీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు పల్లెలోనికి కారు వచ్చినదనగా పిల్లలు దుమ్ములో దాని వెంట పరుగిడెడివారు. అందులో వచ్చినవారు ఏ అధికారియో, ఏ వైద్యుడో అయియుండెడివారు. 1983 డిసెంబరులో మారుతి 800 కారు వెలువడిన తరువాత ఈ స్థితి మెల్లమెల్లగా మారినది. నాడు దాని వెల యాబది వేల రూపాయలకు అటునిటుగా ఉండెను. మూడు సిలిండర్ల 796 సి.సి. ఇంజను, తేలికైన శరీరము, ప్రతి పట్టణములోను దొరకు విడిభాగములు, విప్పి బిగించుట తెలిసిన మెకానిక్కులు - వీని మూలమున అది సామాన్య కుటుంబపు వాహనమైనది. 2014 జనవరిలో దాని తయారీ నిలిచిపోయినది. అయినను ఆ జాతికి చెందిన చిన్న కార్లు చేతులు మారుచు నేడు పల్లెలలో తిరుగుచున్నవి.

పిల్ల పెండ్లికని ఒకరు, పెద్ద కారు కొనుటకని మరొకరు, కుమారుడు విదేశమునకు పోయి ఇంట నడుపువారు లేరని ఇంకొకరు కారును అమ్మకమునకు పెట్టుచున్నారు. అదే ఊరిలో, లేక పొరుగూరిలో, తక్కువ వెలకు నమ్మకమైన కారు దొరికిన చాలునని వెదకువారును కలరు. వీరిరువురకు ఉపయోగపడు కొన్ని సంగతులను నేడు మీకు మనవి చేయదలచితిమి. ముఖ్యముగా అమ్మువారు మా మాటలను శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాము. ఏలయనగా, పాత కారు బేరములో చిక్కులన్నియు కొనువానివేనని లోకము తలచును. వాస్తవమున అమ్మినవానికి కలుగు చిక్కు అంతకంటె పెద్దది.

ఎద్దు బేరము, కారు బేరము

మన రైతు ఎద్దుల బేరములో తేలికగా మోసపోడు. సంతలో పళ్ళు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి చూచును. అమ్మువాడును, "ఇది దాపట సాగునుగాని వలపట సాగదు" అని ముందే చెప్పును. ఏలయనగా వచ్చే ఏడు మరల అదే సంతకు రావలసినవాడు. డబ్బు చేతిలో పడి, ఎద్దు ఇల్లు దాటినచో ఆ బేరము ముగిసినట్లే. తరువాత ఆ ఎద్దు ఎవరి చేలో పడినను అడుగువారు కొన్నవానినే అడుగుదురు.

కారు అట్లు కాదు. డబ్బు ముట్టినను, తాళములు ఇచ్చినను, కారు ఊరు దాటి పోయినను, రవాణా శాఖ పుస్తకములో పేరు మారనంతవరకు చట్టము దృష్టిలో ఆ కారు అమ్మినవానిదే. ఈ ఒక్క మాట గుర్తుంచుకొనినచో మిగిలిన మాటలన్నియు సులువుగా బోధపడును.

వెల కంటె పెద్ద లెక్క

కారు కొనువాడు సామాన్యముగా అడుగునవి రెండే ప్రశ్నలు. ఒకటి, "ఎంతకిచ్చెదరు?" రెండు, "మైలేజి ఎంత?" ఈ రెండింటికి జవాబు విని, పెండ్లాము నగ కుదువబెట్టియో, అప్పు తెచ్చియో కారును ఇంటికి తోలుకొని పోవును. అసలు లెక్క అప్పుడు మొదలగును.

ఒక ఉదాహరణము తీసుకొందము. అంకెలు మనము వేసుకొనినవే. మీ మీ కారును బట్టి, మీ ఊరి ధరలను బట్టి వీనిని మార్చుకొనవచ్చును. ఒక చిన్న పెట్రోలు కారు 1,50,000 రూపాయలకు కొని, ఐదేండ్లు వాడి, 60,000 రూపాయలకు అమ్మినట్లు భావింతము. తరుగు 90,000, అనగా ఏటికి 18,000 రూపాయలు. ఏడాదిలో 6,000 కిలోమీటర్లు తిరిగినదనుకొందము. పల్లె రోడ్లపైన, ఎండలలో ఏ.సి. వేసుకొని, లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చినచో 400 లీటర్లు కావలెను. లీటరు 110 రూపాయల వంతున పెట్రోలుకు 44,000 రూపాయలగును.

బీమాకు 5,000; నూనె, ఫిల్టర్లు మార్చి సర్వీసు చేయించుటకు 4,000; నాలుగు టైర్లకు 16,000 చొప్పున ఐదేండ్లకు పంచగా ఏటికి 3,200; 4,500 రూపాయల బ్యాటరీ మూడేండ్లు వచ్చునని ఏటికి 1,500; కాలుష్య పరీక్షకు 300; క్లచ్చి, బ్రేకులు, సస్పెన్షను మొదలగు అనుకోని మరమ్మతులకు 8,000 రూపాయలు. అన్నియు కలిపిన ఏటికి 84,000, నెలకు 7,000, కిలోమీటరుకు 14 రూపాయలు. అందులో పెట్రోలు పాలు సుమారు ఏడు రూపాయల ముప్పది పైసలు మాత్రమే. మైలేజి ఒక్కటి అడిగి ఊరకుండువాడు ఖర్చులో సగమే చూచుచున్నాడన్నమాట.

ఇక అదే కారు ఏటికి 2,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగినదనుకొందము. పెట్రోలు ఖర్చు తగ్గునుగాని, బీమా, బ్యాటరీ, తరుగు తగ్గవు. టైర్లు అరగకున్నను ఎండకు పగుళ్ళు వచ్చును. పెట్రోలు గాక మిగిలిన ఖర్చు 40,000 రూపాయలు అటులనే నిలిచినచో, కిలోమీటరుకు 20 రూపాయలు దానికే పోవును. పెట్రోలుతో కలిపి 27 రూపాయలు దాటును. కావున నెలకొకసారి ఆసుపత్రికో, పెండ్లికో పోవువానికి బాడుగ కారే చవుక. రోజూ పాలకేంద్రమునకో, ఉద్యోగమునకో, పిల్లల బడికో పోవువానికి సొంత కారు గిట్టుబాటు కావచ్చును.

అప్పు తెచ్చినచో లెక్క మరియు పెరుగును. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చినవాడు ఏడాదికి 24,000 రూపాయలు వడ్డీ కట్టవలెను. 6,000 కిలోమీటర్లకు పంచిన కిలోమీటరుకు నాలుగు రూపాయలు అదనము.

ఈ లెక్క అమ్మువానికి ఎందుకని మీరు అడుగవచ్చును. చేతిలో డబ్బు ఆడనపుడు మనిషి మొదట మానునది ఏమిటి? పెట్రోలు మానలేడు, బండి కదలదు. టైరు పంచరైన వేయించక తప్పదు. బీమా మానినను బండి నడచును. పేరు మార్పిడి వాయిదా వేసినను బండి నడచును. కావున మొదట ఆగిపోవునవి ఈ రెండే. బీమా లేని కారు, మీ పేరుననే ఉన్న కారు, రోడ్డుమీద తిరుగుచుండును. అందువలన కొనువాని శక్తి ఎంతయో తెలిసికొని, నెలకు ఇంత ఖర్చు వచ్చునని నిజము చెప్పి అమ్ముట దయాధర్మమే కాదు. మీ ఆత్మరక్షణ కూడను.

దాచక చెప్పవలసినవి

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని మన సామెత. మీరు కొన్న వెలను తలచుకొని అమ్మకపు వెలను నిర్ణయించరాదు. ఇద్దరు ముగ్గురు మెకానిక్కులను, అదే రకము కారును ఇటీవల అమ్మినవారిని విచారింపుడు. పూర్తి బీమా ఉన్నచో, పాలసీపై ఐ.డి.వి. అను పేర కారు విలువ అచ్చువేయబడి యుండును. అదియు ఒక కొలబద్ద. ఆర్.సి.లో గడువు ఎన్నాళ్ళున్నదో చూడుడు. సొంత వాడుక కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు చెల్లును. అటుపైన తనిఖీ చేయించి ఐదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. 2012 జూనులో రిజిస్టరైన కారునకు 2027 జూనులో ఆ ఖర్చు వచ్చును. ఆ సంగతి దాచినచో దాని భారము కొనువానిపై పడును. పదేండ్లు, పదునైదేండ్లు దాటిన కార్లను నిలిపివేయుదురను మాట మీరు వినియుందురు. అది ఢిల్లీ ప్రాంతమును గూర్చి పుట్టిన వివాదము. మనకడ పునరుద్ధరణ చేయించుకొనిన కారును నడుపుటకు అది అడ్డు కాదు.

కారును చూపించునపుడు ఉదయమున, ఇంజను చల్లగా ఉన్నపుడు చూపుడు. వేడిచేసి సిద్ధముగా ఉంచిన ఇంజను తన లోపమును దాచుకొనును. పొగ గొట్టమునుండి నీలిపొగ వచ్చినచో ఇంజను నూనె మండుచున్నదని అర్థము. ఆగక తెల్లపొగ వచ్చినచో శీతలజలము సిలిండరులోనికి చేరుచున్నదని అనుమానింపవలెను. నల్లపొగ వచ్చినచో పెట్రోలు మితిమీరి పోవుచున్నది. నూనె పోయు మూత అడుగున పెరుగువంటి తెల్లని జిగురు కనబడిన, నూనెలో నీరు కలియుచుండవచ్చును.

టైరు ప్రక్క గోడపై నాలుగంకెలు ముద్రించియుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని గ్రహింపవలెను. గాళ్ళు లోతుగా ఉన్నను, ఏండ్లు మీరిన టైరు నమ్మదగినది కాదు.

కిలోమీటర్ల మీటరును వెనుకకు త్రిప్పుట నేరము; మోసము. అయినను త్రిప్పువారు కలరు. నలుబది వేలు చూపు కారులో బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగు తోలు ఊడియున్నచో మీటరు చెప్పునది నిజము కాదు. సర్వీసు రసీదులు భద్రపరచిన యజమాని కారునకు రెండు వేలు ఎక్కువ ఇచ్చినను నష్టము లేదు.

నీట మునిగిన కార్ల సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను వేలకొలది వాహనములు మునిగినవి. అట్టివి కడిగి, మెరుగు పెట్టి దూరపు ఊళ్ళలో అమ్ముటకు వీలున్నది. తివాచీ ఎత్తిన అడుగున ఒండ్రు, సీటు పట్టాలపై త్రుప్పు, తలుపులు మూసినపుడు ముక్క వాసన - ఇవి గుర్తులు. మీ కారు మునిగినదైనచో ఆ మాట నోట చెప్పుటయే గాక, అమ్మకపు కాగితములోను వ్రాయుడు. చెప్పి అమ్మినవానిని తరువాత ఎవరును నిలదీయలేరు.

2023 ఏప్రిలుకు ముందు తయారైన కార్లలో చాలవరకు 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలుకని రూపొందించినవి కావు. నేడు బంకులలో దొరకునది ఎక్కువగా అదే. కావున మైలేజి కొంత తగ్గవచ్చును. పాత రబ్బరు గొట్టములను మెకానిక్కుచేత చూపించుకొనుట మంచిది.

పేరు మారనిదే అమ్మకము ముగియదు

ఇక అసలు విషయమునకు వత్తుము. 1988 మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము, కారు అమ్మినవాడు 14 దినములలోగా ఆ సంగతిని రిజిస్టరు చేసిన అధికారికి తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలోగా తన పేర మార్పించుకొనుటకు దరఖాస్తు చేయవలెను. అమ్మకపు తెలియజేతకు ఫారము 29, మార్పిడికి ఫారము 30 వాడుదురు. రెండింటిపైన సంతకములు, తేదీలు సరిగా ఉండవలెను.

పల్లెలలో జరుగునది వేరు. మధ్యవర్తి వచ్చి, "మీరు సంతకములు పెట్టి ఇవ్వండి, మిగతాది మేము చూచుకొందుము" అనును. అమ్మువాడు ఖాళీ ఫారములపై సంతకము చేసి ఇచ్చును. కొన్నవాని పేరు అందులో ఉండదు. ఆ కారు ఒకరినుండి ఒకరికి పోవుచుండును; ఫారములు కారు అరలోనే ఉండును.

ఇట్లు పలు చేతులు మారిన ఒక కారు ప్రమాదమునకు కారణమైన కేసు సుప్రీంకోర్టు వరకు పోయినది. హైకోర్టు చివరగా కొన్నవానిపై బాధ్యత ఉంచెను. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి, రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉన్నదో వారే చట్టము దృష్టిలో యజమానియని, నష్టపరిహారపు బాధ్యత వారిదేనని తీర్మానించెను. ప్రమాదములో నష్టపోయిన కుటుంబము కారు ఎవరెవరి చేతులు మారినదో వెదకుచు తిరుగవలసిన పని లేదని న్యాయస్థానము అభిప్రాయము. ఆ అభిప్రాయము న్యాయమైనది. కాని ఏనాడో అమ్మితినని మరచిపోయిన రైతు ఇంటికి నోటీసు వచ్చినపుడు, ఆ పరిహారమునకు అతని పొలమే ఆధారమగునని తలచుకొనుడు. గంజాయి రవాణాలోనో, దొంగతనములోనో ఆ కారు పట్టుబడినను పోలీసులు మొదట వచ్చునది ఆర్.సి.లో పేరున్నవాని ఇంటికే.

కావున వీలైనచో ఇరువురు కలిసి దరఖాస్తు పెట్టి, కొంత సొమ్మును పేరు మారిన పిదప ముట్టునట్లు బేరమాడుకొనుడు. కారు అప్పగించిన దినమును, గంటను కాగితముపై వ్రాసి, ఇద్దరు సాక్షుల సంతకములతో చెరియొక ప్రతి ఉంచుకొనుడు. కొనువాని గుర్తింపు కార్డు నకలు, చిరునామా తీసికొనుడు. 2017 ఏప్రిలు నుండి ఒక వ్యవహారములో రెండు లక్షలు, అంతకుమించి నగదుగా స్వీకరించుట నిషిద్ధము. సొమ్ము బ్యాంకు ద్వారా వచ్చిన అదే మీకు సాక్ష్యము.

పాత కార్ల వ్యాపారికి అమ్మినచో, అతడు రవాణా శాఖ అధికార పత్రము గలవాడో కాడో అడుగుడు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారము, అధికృత డీలరుకు కారు అప్పగించిన సంగతిని ఫారము 29సి ద్వారా తెలుపుటకు వీలున్నది. అటుపిమ్మట ఆ కారు బాధ్యత డీలరుపై ఉండును. రసీదు తీసికొనక తాళము ఇవ్వకుడు.

మిగిలిన కాగితములు

ఫైనాన్సు ఉన్న కారైనచో అప్పు తీర్చి, ఫారము 35 ద్వారా ఆర్.సి.పైనుండి ఆ నమోదును తొలగింపవలెను. చెల్లించని చలానాలను అమ్మకమునకు ముందే చెల్లించుట మర్యాద.

జగ్గయ్యపేటవారు కోదాడవారికి కారు అమ్ముట 2014 జూను 2కు ముందు ఒకే రాష్ట్రపు బేరము. నేడది రెండు రాష్ట్రముల వ్యవహారము. ఫారము 28పై నిరభ్యంతర పత్రము తీసికొనవలెను. జీవితకాలపు పన్ను విషయమును కారు చేరబోవు రాష్ట్రములో ముందే విచారింపవలెను. ఈ ఖర్చు ఎవరిదో బేరములోనే తేల్చుకొనుడు.

బీమా సంగతి. కారుతోపాటు మూడవ వ్యక్తికి సంబంధించిన బీమా కొన్నవానికి సంక్రమించును. అయినను 14 దినములలోగా అతడు బీమా కంపెనీకి తెలిపి పాలసీని తన పేర మార్పించుకొనవలెను. క్లెయిము చేయనందుకు లభించు తగ్గింపు మాత్రము అమ్మినవానిది. దానిని తన తరువాతి కారునకు వాడుకొనవచ్చును. 2022 జూన్ 1 నుండి అమలైన రేట్ల ప్రకారము 1,000 సి.సి. లోపు కారునకు మూడవ వ్యక్తి బీమా ప్రీమియము ఏటికి 2,094 రూపాయలు; 1,000 నుండి 1,500 సి.సి. వరకు 3,416 రూపాయలు, పన్నులు అదనము. ఒక ప్రాణమునకు వచ్చు పరిహారముతో పోల్చిన ఇది ఎంత స్వల్పమో మీరే చూడుడు.

ఫాస్టాగ్ ఖాతాను మూసివేయుట మరువకుడు. లేనిచో వేరొకరు తిరిగిన టోలు మీ ఖాతానుండి పోవును. యజమాని మరణించినచో వారసులు 30 దినములలో ఆ సంగతి తెలిపి, మూడు మాసములలో తమ పేర మార్చుకొనుటకు దరఖాస్తు చేయవలెను. తండ్రి పేరున ఉన్న కారును అట్లే అమ్మరాదు.

ఇంకొక హెచ్చరిక. సొంత వాడుకకు రిజిస్టరైన తెల్ల నంబరు ప్లేటు కారును బాడుగకు త్రిప్పరాదు. "పెండ్లిండ్లకు బాడుగకు త్రిప్పి వాయిదాలు కట్టుకొనవచ్చును" అని చెప్పి అమ్మువారి మాట నమ్మకుడు. పర్మిటు లేక బాడుగకు పోయి ప్రమాదము జరిగినచో బీమా కంపెనీతో వివాదము తప్పదు.

సోదరులారా! సోదరీమణులారా! లక్షన్నర పెట్టి కొన్న కారు ఒక పేద కుటుంబపు తల్లిని అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చవచ్చును. ఆడపిల్లను పట్టణపు కళాశాలకు చేర్చవచ్చును. పాత కారును తక్కువగా చూడనక్కరలేదు. చేతులు మారుటలో అవమానము లేదు. ఏనుగునిచ్చి అంకుశమునకు పోరాడినట్లు, కారు అమ్మినవారు రెండవ తాళమును, జాకీని, రసీదుల కట్టను దాచుకొనకుడు. నెలకయ్యే ఖర్చు, ఉన్న లోపములు, మారవలసిన పేరు - ఈ మూడింటిని తాళముతోపాటు కొనువాని చేతిలో పెట్టుడు. అప్పుడు ఆ కారు అతని వాకిట నిశ్చింతగా నిలుచును. మీరు మీ ఇంట నిశ్చింతగా నిదురింతురు.

ఇట్టి బేరము కుదుర్చుకొనబోవువారు సంతకము చేయుటకు ముందు పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, చదువుకొన్న యువకులచేత కాగితములను ఒకసారి చదివించుకొనవలెనని, యువకులు ఈ సేవను తమ బాధ్యతగా స్వీకరింపవలెనని కోరుచు, ఇంతటితో విరమించుచున్నాము.